అత్తయ్యతో స్పెయిన్ తీరంలో, పెరుగు లేకుండా

డాక్టరు నాకు రెండు రాసిచ్చాడు. బీపీకి ఒక మాత్ర, మనసుకి కొన్నాళ్ల విశ్రాంతి. మాత్ర సెక్టారు మార్కెట్లో వెంటనే దొరికింది. విశ్రాంతి మాత్రం భిలాయిలో ఎక్కడా స్టాకు లేదని తేలింది.

నేను హథ్‌ఖోజ్‌లో నట్లు, బోల్టులు చేసే ఒక చిన్న యూనిట్లో అకౌంట్స్ చూస్తాను. మా ఆయన రవి స్టీల్ ప్లాంటులో, మిల్లు మెయింటెనెన్స్. ఇల్లు రిసాలిలో. అమ్మాయి పుణె హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉండేది ముగ్గురం: మేమిద్దరం, మా అత్తయ్య అప్పలనర్సమ్మ గారు. విశ్రాంతి అంటే నా ఉద్దేశంలో అత్తయ్య లేని చోటు. ఆ మాట ఇంట్లో అనలేం కాబట్టి సముద్రం చూడాలనుంది అన్నాను.

"వైజాగ్ పోదాం. రాత్రి బండెక్కితే పొద్దున్నకి దిగిపోతాం" అన్నాడు రవి.

వైజాగ్‌లో మాకు వీధికో చుట్టం. ప్రతి ఇంట్లోనూ నా తిండి గురించి మొదట్నుంచీ చెప్పుకు రావాలి. మూడేళ్ల కిందట ఆఫీసుకి వెళ్లే దారిలో ఒక డెయిరీ దగ్గర స్కూటీ పంక్చరై ఆగిపోయాను. బాగుచేసేవాడు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఒక దూడని తల్లికి అందనంత దూరంలో కట్టేశారు. తల్లి అరుస్తోంది, దూడ అరుస్తోంది, మధ్యలో మనిషి పాలు పితుకుతున్నాడు. ఇంటికొచ్చి టీ కలుపుకుని తాగలేకపోయాను. అంతే. చేపలు, మాంసం అదివరకే తగ్గించాను, ఆ రోజుతో పాలు, పెరుగు, నెయ్యి కూడా పోయాయి. చుట్టాల్లో ఇదొక జబ్బుగా ప్రచారమైంది. పెళ్లిలో మిఠాయి వద్దంటే "షుగరా?" అంటారు. మజ్జిగ వద్దంటే "జలుబా?" అంటారు. దూడ సంగతి చెబితే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు.

స్పెయిన్ సలహా అమ్మాయిది. నవంబరులో అక్కడ సముద్రం పక్క హోటళ్లు చవకట, జనం ఉండరట, నాలాంటి వాళ్లకి అక్కడ ఒక పేరే ఉందట. "వేగానా" అని మెనూల మీద రాస్తారట. ఒక్క మాటతో నన్ను అర్థం చేసుకునే దేశం ఉందంటే వెళ్లకుండా ఎలా ఉంటాను? ఇద్దరికీ హోటలు బుక్ చేశాను. వీసాకి పెట్టే ముందు వారం రవి మొహం వేలాడేసుకుని వచ్చాడు. మిల్లు షట్‌డౌను ముందుకు జరిగిందట, సెలవు రద్దట.

"హోటల్ డబ్బులు తిరిగి రావుగా. అమ్మని తీసుకెళ్లకూడదూ?" అన్నాడు.

అత్తయ్యకి పాస్‌పోర్టు ఉంది. మావయ్య ఉన్న రోజుల్లో సింగపూరు వెళ్దామని తీయించారు. ఆయన వెళ్లింది వేరే చోటికి. అత్తయ్య దాన్ని గడువు తీరగానే మళ్లీ చేయించుకుని, ఒక్క ముద్రా లేకుండా బీరువాలో దాచుకుంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఇలా విశ్రాంతి కోసం ఎవరి నుంచి పారిపోదామనుకున్నానో ఆవిడనే వెంటబెట్టుకుని బయల్దేరాను.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. వీసా వేలిముద్రలకి మేము దుర్గ్‌లో రైలెక్కి ముంబై వెళ్లొచ్చాం, ఆ ప్రయాణమే సగం అలసట. కౌంటరు దగ్గర అమ్మాయి అత్తయ్యని "మాతాజీ, స్పెయిన్ క్యోఁ జా రహీ హైఁ?" అని అడిగితే, "ఆరామ్ కర్‌నే" అంది. విశ్రాంతికట! నా కాగితాలు రెండుసార్లు తిరగేశారు. ఆవిడవి ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

నవంబరు రెండో వారంలో తెల్లవారకుండానే టాక్సీలో రాయపూర్ విమానాశ్రయానికి వెళ్లాం. అక్కడి నుంచి ఢిల్లీ, గల్ఫులో ఒక మజిలీ, మాడ్రిడ్. విమానం టికెట్టు తీసుకున్నప్పుడే వీగన్ భోజనం అడగాలి, తర్వాత అడిగితే బ్రెడ్డు ముక్కే గతి. నాకు ఉడకబెట్టిన కూరలు వచ్చాయి. అత్తయ్యకి మామూలు శాకాహారం, పక్కన చిన్న కప్పులో పెరుగు. ఆవిడ మూత సగం తీసి, నా వైపు చూసి, మళ్లీ మూసేసింది. నన్ను చూసి ఆవిడ కూడా మారుతోందని నేను లోపల్లోపల మురిసిపోయాను.

మాడ్రిడ్ నుంచి అలికాంటేకి రైలు రెండున్నర గంటలు. టికెట్లు ముందే కొనుక్కుంటే చవక, ఎక్కే ముందు సామాన్లు స్కానింగ్ చేస్తారు, తొందరగా చేరుకోవడం మంచిది. ఎదురు సీట్లో ఒక కుర్రాడు కమలాపండు ఒలుచుకుంటూ ఎక్కడికని ఇంగ్లీషులో అడిగాడు. ఊరి పేరు చెప్పాను.

"ఇప్పుడా? ఇప్పుడక్కడ ఏమీ ఉండదే!"

"అందుకే వెళ్తున్నాం" అన్నాను.

"ఏటంటున్నాడు?" అంది అత్తయ్య. చెప్పాను. "ఏమీ లేని ఊరికి ఇంత దూరం రావాలేటి? మనకి డోంగర్‌గఢ్ దాటితే బోల్డున్నాయి" అంది. కమలాపండు తొన మాత్రం కుర్రాడు ఇస్తే తీసుకుంది.

అలికాంటే నుంచి బస్సులో గంటకి పైగా. ఊరి పేరు రాయను. రాస్తే మీరంతా వెళ్తారు, అప్పుడు అక్కడేదో ఉన్నట్టవుతుంది. తీరం వెంబడి హోటళ్లన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. భోజనశాలల తలుపుల మీద మార్చి దాకా మూసివేత అని కాగితాలు అంటించారు. ఐస్‌క్రీం బండికి గుడ్డ కప్పారు. ఎండ మాత్రం మన డిసెంబరు మధ్యాహ్నంలా హాయిగా ఉంది. తెరిచి ఉన్న హోటలు మాదొక్కటే, దాని నిండా ముసలివాళ్లే. ఆఫ్‌సీజన్‌లో ప్రభుత్వం పెద్దవాళ్లని తక్కువ ఖర్చుతో సముద్రానికి పంపిస్తుందట. ఉన్నవాళ్లలో చిన్నదాన్ని నేను, మొహం చూస్తే అందరికంటే పెద్దదాన్ని కూడా నేనే అనిపించేది.

ఇక తిండి. నన్ను ఒక్క మాటతో అర్థం చేసుకునే దేశంలో మొదటి భోజనానికి కూరగాయల సలాడ్ చెప్పాను. పైన ట్యూనా చేప ముక్కలు చల్లి తెచ్చారు. చేప తిననని ఫోనులో అనువాదం చేసి చూపిస్తే, సర్వరు క్షమాపణ చెప్పి పట్టుకెళ్లి, చేప తీసేసి గుడ్డు పెట్టి తెచ్చాడు. పప్పుచారులా ఉందని ఆశపడ్డ గిన్నెలో పంది సాసేజి తేలింది. "మాంసం లేదు సెన్యోరా, రుచి కోసం కొంచెం అంతే" అన్నాడు, మన వైపు పెళ్లిళ్లలో నెయ్యి వడ్డించేవాళ్ల గొంతుతో. రెండ్రోజులకి దారి తెలిసింది. టొమాటో రుద్దిన రొట్టె, ఆలివ్ నూనె, శనగలూ పాలకూరా కలిపి వండిన కూర, వేయించిన బంగాళాదుంపలు. దుంపల మీద తెల్ల సాస్ వద్దని ముందే చెప్పండి, అందులో గుడ్డు ఉంటుంది. ఓర్చాతా అని తెల్లటి చల్లటి పానీయం ఒకటి ఉంది, అదేదో దుంప నుంచి తీస్తారు. చూడ్డానికి అచ్చం పాలు. అత్తయ్య ఆశగా ఒక గుక్క తాగి, "ఇదీ కాదు" అని గ్లాసు నా వైపు జరిపింది.

ఇదీ అంటే ఏది కాదో నేను అడగలేదు.

విశ్రాంతికి నేను పెద్ద ఏర్పాటే చేసుకుని వచ్చాను. పొద్దున్నే యోగా, తీరం మీద నడక, ప్రాణాయామం, పుస్తకం. పొద్దు ఏడున్నర దాటితే గాని పొడవదు. చీకట్లో ఇసుక మీద వజ్రాసనం వేస్తే కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి ఒంట్లో బాగుందా అని అడిగాడు. నడుస్తుంటే ఆఫీసు నుంచి మెసేజీలు. పుస్తకం తెరిస్తే నిద్ర, మంచమెక్కితే మెలకువ.

అత్తయ్య ఏ ఏర్పాటూ లేకుండా వచ్చింది. టిఫిను చేసి, స్వెట్టరు మీద చీర కొంగు చుట్టుకుని, సముద్రం ఎదురుగా బెంచీ మీద కూర్చునేది. అంతే. నడవదు, ఫొటోలు తీయమనదు, ఇంటి సంగతి ఎత్తదు. మూడో రోజుకి ఆవిడ పక్కన ఒక మడతకుర్చీ వచ్చి చేరింది. కుర్చీలో పిలార్ అనే ఆవిడ. ఈ ఊరి మనిషే, డెబ్భై దాటాయి, భర్త పోయాడు, రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇదంతా నాకు ఫోను చెప్పింది. వాళ్లిద్దరికీ ఫోను అక్కర్లేదు. పిలార్ స్పానిష్‌లో మాట్లాడుతుంది, అత్తయ్య తెలుగులో "అవునేటి" అంటుంది. గంటలు గడిచిపోయేవి.

ఒకరోజు నేను అక్కడికి వెళ్లేసరికి పిలార్ నా ఫోను అడిగి తీసుకుని అందులో ఏదో చెప్పింది. ఫోను తెలుగులో అడిగింది: "మీ అత్తగారు ఒక్కరే ఉంటారా?"

నేను ఛాతీ కొంచెం పైకెత్తి, "లేదు, మాతోనే ఉంటారు. మా దేశంలో పెద్దవాళ్లని ఒంటరిగా వదిలెయ్యం" అన్నాను. ఫోను దాన్ని స్పానిష్‌లో చెప్పింది. పిలార్ విని, అత్తయ్య చెయ్యి పట్టుకుని, తల ఊపుతూ ఒక మాట అంది.

ఫోను తెలుగులో పలికింది: "అయ్యో పాపం."

అనువాదంలో ఏదో పొరపాటని మళ్లీ నొక్కాను. మళ్లీ "అయ్యో పాపం" అంది. అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మావయ్య పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. కానీ ఆ నవ్వుకి కారణం నేనవడం నాకు నచ్చలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా పడుకుంది. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది, దాన్ని అత్తయ్యే చూసుకునేది, నేను పండ్లు అడిగితే తీసిచ్చేది. ఆవిడ కునుకు తీస్తోందని నేనే తెరిచాను. సీతాఫలం లాంటి పండేదో కొన్నాం, దానికోసం. కమలాపళ్ల వెనకాల వరసగా చిన్న గాజు కప్పులు. పెరుగు, హోటలువాళ్లు టిఫిను బల్ల మీద పెట్టేది. రెండు ఖాళీవి, కడిగి బోర్లించి ఉన్నాయి.

"అది నాది" అంది అత్తయ్య మంచం మీంచే. నిద్రపోలేదన్నమాట.

"తినండి అత్తయ్యా, నేనేమన్నాను?"

"నువ్వేటీ అన్లేదు. మూడేళ్లుగా ఏటీ అన్లేదు." లేచి కూర్చుంది. "నేను గిన్నె తియ్యగానే నీ మొహం అలగ అవుద్ది. అరిస్తే నేనూ అరుద్దును. నువ్వు అరవవు. అటు తిరిగి నిల్చుంటావు. మజ్జిగ తాగాలంటే నేను పక్కింటికి ఎల్తన్నాను సుజాతా. ఈ వయసులో, గ్లాసు కొంగులో పెట్టుకుని, దొంగలాగ."

"నాకు చెప్పొచ్చు కదా! మీకు వేరే గిన్నెలు, వేరే అర పెడతాను. నేనే తెచ్చిపెడతాను."

"తెస్తావు. నాకు తెల్సు. తెచ్చిపెట్టి అటు తిరిగి నిల్చుంటావు."

అప్పటికే నేను కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాను.

"దూడ సంగతి నువ్వు చెప్పిన రోజు నాకూ ఏడుపొచ్చింది" అంది అత్తయ్య నెమ్మదిగా. "అబద్ధం కాదు. అయినా నాకు మజ్జిగ కావాలి. రెండూ నిజమే. రెండు నిజాలు ఒక వంటింట్లో పట్టడం లేదు, అంతే. భిలాయి-3లో శారదా దీదీ ఇంటి పక్క పోర్షను ఖాళీగా ఉంది. నేను అక్కడుంటాను."

శారదా దీదీ పాత క్వార్టర్లలో వాళ్ల పక్కింటావిడ, ఛత్తీస్‌గఢీ. ఆవిడతో అత్తయ్యకి నలభై ఏళ్ల స్నేహం. నేను మొదట నవ్వేశాను. తర్వాత కోపం వచ్చింది. జనం ఏమనుకుంటారన్నాను. కోడలు తరిమేసిందంటారన్నాను. కళ్లు తిరిగి పడితే ఎవరు చూస్తారన్నాను.

"పదహారో ఏట మా అత్త ఇంటికొచ్చాను. తర్వాత మీ మావయ్య ఇల్లు. ఇప్పుడు మీ ఇల్లు. పెరుగు ఒక్కటే కాదు సుజాతా. ఒక్కర్తినీ కూకుని తినాలనుంది, అంతే."

చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. మూసిన హోటళ్ల ముందు నుంచి నడుస్తూ రవికి ఫోన్ చేశాను. భిలాయిలో అప్పటికి రాత్రి భోజనాల వేళ. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. "ఆఁ, చెప్పేసిందా?" అన్నాడు.

"రవీ, నీకు ముందే తెలుసా?"

"దీవాళీ ముందు చెప్పింది. నువ్వే చెప్పమ్మా దానికి అన్నాను. ఇంట్లో అయితే నువ్వు ఆఫీసుకి వెళ్లిపోతావు, నోరు తెరిచే టైమే దొరకదంది."

"అంటే షట్‌డౌను?"

"షట్‌డౌను నిజం యార్, కసమ్. అమ్మని పంపుదామనే ఆలోచన మాత్రం... అమ్మదే."

విశ్రాంతి కోసం వచ్చి, ప్రపంచంలోని అతి ప్రశాంతమైన తీరం మీద నిలబడి నేను చాలా గట్టిగా ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. కుక్కని తిప్పే పెద్దమనిషి మళ్లీ అటే వచ్చాడు. ఈసారి ఒంట్లో బాగుందా అని అడగలేదు, దారి మార్చుకున్నాడు.

కోపం రెండ్రోజులుంది. ఈ మధ్యలో నేను గమనించింది ఏమిటంటే, ఆ రెండ్రోజులూ అత్తయ్య నన్ను బతిమాలలేదు. మాట మానేయనూ లేదు. టిఫిను దగ్గర నా రొట్టె మీద టొమాటో రుద్దిపెట్టేది. సర్వరు శనగల గిన్నె తెస్తే గరిటెతో కెలికి, మాంసం లేదని చూశాక నా వైపు జరిపేది. నా తిండి గురించి ఆవిడకి ఎంత తెలుసో అప్పుడు చూశాను. ఆవిడ తిండి గురించి నాకు తెలిసింది ఫ్రిజ్ తెరిచాకే.

చివరి సాయంత్రం పిలార్ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లింది. రెండు గదులు, ఒక బాల్కనీ. ఒక మంచం, ఒక పళ్లెం, రేడియో. గోడ మీద ఫొటోలున్నాయి గాని ఎవరి మాటా ఎత్తలేదు. ఆ ఇంట్లో విచారం ఎక్కడైనా కనిపిస్తే అత్తయ్యకి చూపిద్దామని వెతికాను. మూలమూలా చూశాను. దొరకలేదు. పిలార్ మాకు బాదం, బెల్లం రంగు తేనె పెట్టింది. తేనె కూడా తినవా అని ఫోను నన్ను అడిగింది. తిననన్నాను. ఫోను కాసేపు ఆలోచించి, "అయ్యో పాపం" అంది. ఈసారి ముగ్గురం నవ్వాం.

తిరుగు ప్రయాణంలో విశేషాలు తక్కువ. అలికాంటే బస్సు సరిగ్గా టైముకే వచ్చింది. మాడ్రిడ్ స్టేషన్లో వీగన్ శాండ్‌విచ్ దొరికింది, గట్టిది, ఆకలిగా ఉంటేనే కొనండి. విమానంలో అత్తయ్యకి మళ్లీ పెరుగు కప్పు వచ్చింది. ఆవిడ మూత తీసింది. నేను ఈసారి అటు తిరగలేదు. అది ఎంత కష్టమో చెప్పలేను. దూడ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది, పక్కన చెంచా చప్పుడు కూడా ఉంది. ఆవిడ అడుగుదాకా గీకి తిని, హాయిగా వెనక్కి వాలింది.

ఆఫ్‌సీజన్ స్పెయిన్ ఎలా ఉందని అడిగేవాళ్లకి నా సమాధానం ఇదీ. ఎండ బాగుంటుంది, జనం ఉండరు, తిండి జాగ్రత్తగా చూసుకుంటే బతకొచ్చు. ఊరంతా మూసేసి ఉంటుంది కాబట్టి పక్కనున్న మనిషి తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు. పక్కన ఎవరిని తీసుకెళ్తున్నారో ఆలోచించుకుని వెళ్లండి.

రాయపూర్‌లో దిగేసరికి మధ్యాహ్నం. టాక్సీ కుమ్హారి దాటి భిలాయి-3 దగ్గర పడుతుంటే అత్తయ్య డ్రైవరుతో, "బేటా, ఇధర్ జరా అందర్ లే లో" అంది. సన్న సందులో పసుపు రంగు ఇల్లు. గేటు దగ్గర శారదా దీదీ నిలబడి ఉంది. చూస్తే తెలుస్తోంది, మా కోసమే. పక్క పోర్షను తలుపులు తీసి, నేల కడిగి ఉంది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక కుళాయి. గ్యాస్ స్టవ్వు అప్పుడే అమర్చినట్టుంది.

శారదా దీదీ టీ తెచ్చింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "ఇస్‌కా దూధ్ వాలా నహీఁ, దీదీ. కాలీ చాయ్, నీంబూ డాల్‌కే" అంది. నాకు పాలు లేకుండా, నిమ్మకాయ పిండి. నాది వచ్చేదాకా తనది తాగకుండా పట్టుకుని కూర్చుంది.

లేచాను. అత్తయ్య లేవలేదు.

"ఇవాళ్టి నుంచేనా?" అన్నాను.

"మళ్లీ ఎల్లి మళ్లీ రావడం ఎందుకేటి? పెట్టె ఎలాగూ సర్దే ఉంది." నా మొహంలోకి చూసి, కొంచెం తగ్గి, "ఆదివారం ఇద్దరూ రండి. పప్పు చేస్తాను. నీకు నెయ్యి లేకుండా ముందే తీసి పెడతాను" అంది.

ఇరవై రెండేళ్లలో ఆవిడ నన్ను భోజనానికి పిలవడం అదే మొదటిసారి. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లని ఎవరు పిలుస్తారు? వస్తామన్నాను. ఆవిడ నా భుజం మీద ఒకసారి తట్టి, వంటింట్లోకి వెళ్లి స్టవ్వు వెలిగించి చూసుకుంది.

డ్రైవరు డిక్కీలోంచి ఒక పెట్టె దించి, రెండోదాన్ని అలాగే వదిలి, వెనక సీట్లో ఒక్కదాన్నే ఎక్కిన నా వైపు చూశాడు.

"మాతాజీ నహీఁ ఆ రహీఁ, దీదీ?"

"నహీఁ భయ్యా" అన్నాను తలుపు వేసుకుంటూ. "ఉన్‌కా ఘర్ ఆ గయా."